ఆహార రుగ్మతలు, మన ఆసుపత్రులు: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ



తిండికి సంబంధించి మన ప్రజారోగ్య వ్యవస్థకు బాగా తెలిసిన కష్టాలు రెండే. ఒకటి తిండి చాలకపోవడం, రెండోది తిండి ఎక్కువై ఒళ్లు పెరిగి మధుమేహం, రక్తపోటు పట్టుకోవడం. మొదటిదాని కోసం అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం, ఐరన్ మాత్రలు వచ్చాయి. రెండోదాని కోసం ఇంటింటి పరీక్షలు వచ్చాయి. ఇంట్లో అన్నం ఉండగా, వడ్డించే చేతులుండగా తినలేకపోయే మనుషులూ, తినడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయే మనుషులూ ఈ రెండు లెక్కల్లో దేనికీ అందరు. వారిది పంతమో, సినిమాలు చూసి నేర్చిన ఫ్యాషనో అని చుట్టుపక్కలవారు అనుకుంటారు, చాలాసార్లు వైద్యులూ అలాగే అనుకుంటారు. అది ప్రాణం తీయగల వ్యాధి అనీ, వేళకు గుర్తిస్తే నయమయ్యే వ్యాధి అనీ, గుర్తించడానికి కావలసిన పరికరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇప్పటికే ఉన్నాయనీ మీ దృష్టికి తేవడం ఈ లేఖ ఉద్దేశం.

వైద్యశాస్త్రం వీటిని ఈటింగ్ డిజార్డర్స్ అంటుంది. తెలుగులో ఆహార రుగ్మతలు అనుకోవచ్చు. బరువు ప్రమాదకరంగా పడిపోయేదాకా తిండి తగ్గించుకుంటూ పోయి, ఆ తగ్గిన బరువును కాపాడుకోవడమే రోజంతటికీ పనిగా మారిన స్థితి అనోరెక్సియా నెర్వోసా. కొద్దిసేపట్లో అదుపు తప్పి చాలా తినేసి, ఆ వెంటనే సిగ్గుతో, భయంతో వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు మింగడం, పస్తుండటం, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేయడం బులీమియా నెర్వోసా. దీన్ని వేరే వ్యాధిగా 1979లో లండన్ మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్ వర్ణించాడు. అదుపు తప్పి తినడం ఉండి, తర్వాత ఈ పనులేవీ లేకపోతే అది బింజ్ ఈటింగ్ డిజార్డర్. లావుగా ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే ఈ రుగ్మతకు అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ 2013లో గాని పూర్తి హోదా ఇవ్వలేదు. ఒళ్లు గురించిన దిగులేమీ లేకుండానే, ఆహారం వాసనో మెత్తదనమో పడకనో, గొంతులో అడ్డం పడుతుందన్న భయంతోనో రెండు మూడు పదార్థాలకే పరిమితమై శుష్కించిపోయే పిల్లల స్థితికి కూడా అదే ఏడాది వేరే పేరు వచ్చింది. మన పల్లెల్లో ప్రతి ఇంటికీ తెలిసిన ఒక అలవాటు, అంటే మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినడం కూడా పైకా అనే పేరుతో ఈ కుటుంబంలోనిదే. దాని వెనుక తరచుగా ఇనుము లోపం ఉంటుంది గనుక అలాంటి పిల్లను తిట్టేముందు రక్తపరీక్ష చేయించడం మంచిది.

ఇది కలిగినింటి ఆడపిల్లల జబ్బన్న నమ్మకం వైద్య కళాశాలల్లో కూడా ఉంది. రిచర్డ్ మోర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు 1689లో తొలిసారి ఇలాంటి రోగులను వర్ణించినప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు యువతి, మరొకరు పదహారేళ్ల అబ్బాయి. ఆ వర్ణన ఉన్నది శరీరం క్షీణించే వ్యాధుల మీద, ముఖ్యంగా క్షయ మీద, రాసిన పుస్తకంలో. దగ్గు, జ్వరం, ఆయాసం లేకుండానే మనిషి ఎండిపోతున్నాడంటే కారణం మనసులో వెతకాలని ఆయన గ్రహించాడు. క్షయ ఇంకా విరివిగా ఉన్న మన ప్రాంతంలో బరువు తగ్గిన యువతికి కఫం పరీక్ష చేయడం పూర్తిగా సరైన పనే. ఆ పరీక్షలో ఏమీ లేదని తేలాక ఎవరూ రెండో ప్రశ్న అడగకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

మన దగ్గర ఈ జబ్బు ఏ వేషంలో వస్తుందో తెలియకపోతే ఆ రెండో ప్రశ్న తట్టదు. పాశ్చాత్య పాఠ్యపుస్తకం ప్రకారం అనోరెక్సియా ఉన్న అమ్మాయి ఎముకల గూడులా ఉండి కూడా తాను లావుగా ఉన్నానని చెప్పాలి. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 70 మంది చైనా జాతి రోగులను పరిశీలించి 1993లో ప్రచురించిన వ్యాసంలో సుమారు 59 శాతం మందికి లావవుతామన్న భయమే లేదని తేలింది; కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ, తినబుద్ధి కాదనీ మాత్రమే వారు చెప్పారు. దిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో వర్ణించిన ఐదుగురు యువతుల కథా అదే: తిండి మానడం, ఆగని వాంతులు, బరువు బాగా తగ్గడం, బహిష్టు ఆగిపోవడం ఉన్నాయి గాని ఒంటి ఆకారం గురించిన వక్రమైన ఊహ వారిలో కనబడలేదు. చెన్నైలో 210 మంది వైద్య విద్యార్థులను పరిశీలించి 1998లో ప్రచురించిన మరో అధ్యయనం, పూర్తి రుగ్మత అని చెప్పలేకపోయినా తిండి, బరువు చుట్టూ మనసు చిక్కుకుపోయి బాధపడుతున్నవారు దాదాపు 15 శాతం ఉన్నారని చూపింది. వైద్యం చదువుతున్నవారిలోనే ఇంతమంది ఉండటం ఆలోచించవలసిన సంగతి.

కాబట్టి తెలుగు ఇంటి నుంచి ఇలాంటి రోగి బయలుదేరితే ముందు చేరేది మానసిక వైద్యుని దగ్గరికి కాదు. ‘గ్యాస్ పట్టేసింది’, ‘అరగడం లేదు’, ‘నీరసం’ అంటూ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లి ఎండోస్కోపీ చేయించుకుంటుంది, ‘నెలసరి రావడం లేదు’ అని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి హార్మోన్ మాత్రలు తెచ్చుకుంటుంది, ‘జుట్టు రాలిపోతోంది’ అని చర్మవైద్యుని దగ్గరికి, ‘పళ్లు పులుస్తున్నాయి’ అని దంతవైద్యుని దగ్గరికి వెళుతుంది. మాటిమాటికీ వాంతి చేసుకునేవారి పళ్ల లోపలివైపు పింగాణీ పొర కడుపులోని ఆమ్లానికి కరిగిపోతుంది, చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బుతాయి, వేళ్ల కణుపుల మీద పంటి గాట్లు పడతాయి. రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. బులీమియా ఉన్న మనిషి బరువు సాధారణంగానే ఉండవచ్చు కనుక ఇంట్లోవారికి ఏళ్ల తరబడి అనుమానం రాదు. ఈ వైద్యుల్లో ఒక్కరైనా ‘తిన్నాక ఏమవుతుంది, ఏమనిపిస్తుంది?’ అని తీరిగ్గా అడిగితే ఏళ్లు కలిసివస్తాయి.

తక్కువ బరువు ఒక్కటే గుర్తు అనుకుంటే మన దేశంలో మరో చిక్కు ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 18.7 శాతం మంది బీఎంఐ, అంటే ఎత్తుకు తగిన బరువు సూచిక, 18.5 కంటే తక్కువ. 24 శాతం మందికి బరువు ఎక్కువ. 57 శాతం మందికి రక్తహీనత. సన్నగా ఉండటం ఇంత మామూలైన చోట ఒకమ్మాయి సన్నబడితే ఎవరూ ఉలిక్కిపడరు, పైగా మెచ్చుకుంటారు. అడగవలసింది ఇప్పుడెంత బరువున్నదని కాదు, ఎంత వేగంగా ఎంత తగ్గిందని. ఎనభై కిలోల అబ్బాయి నాలుగు నెలల్లో ఇరవై ఐదు కిలోలు తగ్గి నాడి నిమిషానికి నలభై కొట్టుకుంటుంటే, బరువు పట్టికలో అతను ‘సాధారణం’ గడిలో ఉన్నా అతని గుండె ప్రమాదంలోనే ఉంది. పాఠశాలల్లో కట్టే బరువు పట్టికలను ఏడాదికేడాది పోల్చి చూసే అలవాటు మీ శాఖలు చేయగలిగితే ఖర్చు లేకుండా దొరికే ఆధారం అదే.

ఇక కారణాల సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి రెండో ప్రపంచయుద్ధం చివరలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగాన్ని మించిన పాఠం లేదు. యుద్ధానంతర ఐరోపాలో పస్తులతో కృశించినవారికి ఎలా తిండి పెట్టాలో తేల్చుకోవాలని ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1944 నవంబరులో 36 మంది యువకులను తీసుకున్నాడు. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టడానికి నిరాకరించి, సేవ చేయడానికి మాత్రం ముందుకొచ్చిన వారు. శరీరంలోను, మనసులోను దృఢంగా ఉన్నవారిని వడపోసి ఎంపిక చేశారు. 24 వారాల పాటు వారి ఆహారాన్ని దాదాపు సగానికి తగ్గించి, రొట్టె, బంగాళాదుంపలు, దుంపకూరలతోనే నెట్టుకొచ్చి, వారానికి ఇంత దూరమని నడిపించారు. శరీర బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. అక్కడిదాకా ఊహించినదే. ఊహించనిది వారి మనసుల్లో జరిగింది. వంటల పుస్తకాలు చదవడం, వాటిలోంచి వంటకాలు ఎత్తి రాసుకోవడం మొదలుపెట్టారు. గిన్నెలు, గరిటెలు పోగుచేసుకున్నవారున్నారు. చిన్న రొట్టెముక్కను తునకలు చేసి గంటల తరబడి తిన్నారు, పళ్లేలు నాకారు, అదేపనిగా కాఫీ తాగారు, చూయింగ్ గమ్ నమిలారు. చలికి తాళలేకపోయారు, నలుగురిలోకి రావడం మానుకున్నారు, స్త్రీల మీద ఆసక్తి పోయింది, చిరాకు, దిగులు ముంచెత్తాయి. మళ్లీ కడుపునిండా తిండి పెట్టినప్పుడు కొందరు ఎంత తిన్నా తృప్తి లేక, ఆపుకోలేక తిన్నారు. తిరిగి వచ్చిన కండలకంటే పొట్ట మీద కొవ్వే కళ్లకు కనబడుతోందని కొందరు బాధపడ్డారు. ఈ ప్రయోగ వివరాలు 1950లో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి.

ఈ లక్షణాలను అనోరెక్సియా ఉన్న పిల్ల ఇంట్లో చూసినవారెవరికైనా వెంటనే పోలిక తెలుస్తుంది. ఇంట్లో అందరికీ వండి పెట్టి తాను మాత్రం తినకపోవడం, యూట్యూబులో వంటల వీడియోలు గంటలకొద్దీ చూడటం, ఇడ్లీని పది ముక్కలు చేయడం, ఎండాకాలంలో కూడా స్వెటరు వేసుకోవడం, స్నేహితులకు దూరం కావడం, మాటంటే చాలు ఏడుపు, కోపం. వీటిని పిల్ల స్వభావమనీ, మొండితనమనీ అనుకుంటాం. వీటిలో చాలా భాగం ఆకలితో అలమటించే మెదడు చేసే పనులు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకు ఆరు నెలల్లో వచ్చినవి. అందుకే ముందు మనసు బాగుచేసి తర్వాత తిండి సంగతి చూద్దామనే వైద్యం నడవదు. మెదడుకు ఆహారం అందేదాకా ఏ మాటా లోపలికి ఇంకదు.

అయితే ఆ యువకుల్లో అధికులు తిండి దొరికాక కొంత కాలానికి మామూలు మనుషులయ్యారు. అనోరెక్సియా రోగి మాత్రం అలా ఎందుకు కాలేకపోతున్నాడు? తిండి తగ్గినప్పుడు అందరికీ ఆదుర్దా పెరుగుతుంటే కొందరికి విచిత్రమైన ప్రశాంతత ఎందుకు కలుగుతుంది? దీనికి పూర్తి సమాధానం ఇంకా రాలేదు గాని, జన్యువుల పాత్ర గట్టిదని తెలిసింది. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి అనోరెక్సియా వచ్చే అవకాశంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో సగం దాకా, కొన్ని అంచనాల్లో అంతకంటే ఎక్కువ, వారసత్వానికి చెందుతుంది. 2019లో నేచర్ జెనెటిక్స్ పత్రిక ప్రచురించిన పరిశోధనలో 16,992 మంది రోగుల జన్యువులను 55,525 మంది ఇతరులతో పోల్చినప్పుడు ఈ వ్యాధితో ముడిపడిన ఎనిమిది స్థానాలు బయటపడ్డాయి; వాటిలో మానసిక వ్యాధులతో పాటు శరీరం కొవ్వును, చక్కెరను వాడుకునే తీరుతో సంబంధం ఉన్నవీ కనబడటం కొత్త సంగతి. బరువు కోల్పోవడం కొందరి శరీరాలకు ఇతరులకంటే సులువేమో, ఆ కోల్పోయిన స్థితిలోనే అవి ఇరుక్కుపోతాయేమో అని శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆలోచిస్తున్నారు. జన్యువు ఒక్కటే జబ్బును తేదు. పట్టుదల, తప్పు చేయకూడదన్న ఆరాటం, అనిశ్చితిని భరించలేకపోవడం వంటి స్వభావం, యుక్తవయసు మార్పులు, ఎవరో చేసిన వెక్కిరింత, బాల్యంలో అనుభవించిన హింస, వీటన్నిటి మీదా ఒక డైటింగో, జ్వరమో, దీర్ఘ ఉపవాసమో వచ్చి పడితే ఆకలి చక్రం తిరగడం మొదలవుతుంది.

చుట్టూ ఉన్న లోకం పాత్ర ఎంతో చెప్పడానికి ఫిజీ దీవుల ఉదాహరణ సాటిలేనిది. పుష్టిగా ఉండటమే అందమని, బలమని భావించే ఆ సమాజంలోని నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ ఆ ఏడాది ఒకసారి, మళ్లీ 1998లో ఒకసారి బడిపిల్లలైన అమ్మాయిలను ప్రశ్నించినప్పుడు, తిండి విషయంలో ఆందోళనకర స్థాయి జవాబులిచ్చినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు కోసం వాంతి చేసుకునేవారు తొలిసారి ఒక్కరూ లేరు, మూడేళ్లకు 11.3 శాతం. పిల్లలు ఒంటిని చెక్కుకోవాలని చూసింది అందం ఒక్కదాని కోసం కాదు, టీవీలో కనబడే ఉద్యోగాలు, హోదా, నగర జీవితం దొరకడానికి అది మెట్టు అనుకున్నారు. ఈ ముక్క మన ప్రాంతానికి చాలా దగ్గరిది. పెళ్లిచూపుల్లో ‘కాస్త ఒళ్లు చేసింది’ అనే మాటా, పండక్కి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ‘ఏమే, ఇలా అయిపోయావు!’ అని పలకరించడమూ ప్రేమగానే జరుగుతాయి. కాని అవే మాటలు ఫోన్‌లో రోజుకు వందసార్లు కనబడే బొమ్మలతో కలిసినప్పుడు బరువు వేరు. అబ్బాయిలకు ఇది జిమ్ము రూపంలో, కండల కోసం అన్నం పూర్తిగా మానేసే రూపంలో వస్తుంది. కొన్నేళ్ల కిందట తెలుగు జిల్లాల్లో వేలమందిని ఊపేసిన ద్రవాహార, కొవ్వు ఆహార పద్ధతుల ప్రచారంలో ‘ఎవరు చేయకూడదు’ అన్న హెచ్చరికకు దొరికిన చోటు చాలా తక్కువ.

వైద్యులే తెలియక దారి చూపిన సందర్భాలూ ఉన్నాయి. అండాశయ హార్మోన్ల సమస్య, అంటే పీసీఓఎస్, ఉన్న అమ్మాయికి ‘ముందు బరువు తగ్గి రా’ అని ఒక్క మాట చెప్పి పంపడం నిత్యం జరిగేదే. ఆ సమస్య ఉన్నవారిలో అదుపు తప్పి తినడం ఇతరులకంటే ఎక్కువని పరిశోధనలు చూపుతున్నా, ఆ అమ్మాయి ఎలా తింటోందని అడిగేవారు అరుదు. చిన్న వయసులో వచ్చే టైప్ 1 మధుమేహంలో మరో ప్రమాదం ఉంది. ఇన్సులిన్ మానేస్తే బరువు పడిపోతుందని కనిపెట్టిన పిల్లలు చెప్పకుండా మోతాదు ఎగ్గొడతారు. అలాంటివారు రక్తం ఆమ్లమయమై మాటిమాటికీ అత్యవసర విభాగానికి వస్తారు. ఒకే పిల్ల ఏడాదిలో రెండు మూడు సార్లు ఈ స్థితిలో చేరితే క్రమశిక్షణ లేదని మందలించి పంపకూడదు, ఇన్సులిన్ మానడానికి కారణమేమిటని మెత్తగా అడగాలి.

కుటుంబమే కారణమన్న వాదం గురించి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో తల్లులకు ఈ వాదం ఇంకా తగులుతూనే ఉంది. 1873–74లో పారిస్‌లో లసేగ్, లండన్‌లో విలియం గల్ ఈ జబ్బును వర్ణించిన నాటి నుంచి రోగిని ఇంటివారి నుంచి వేరుచేయడమే వైద్యమన్న అభిప్రాయం పాతుకుపోయింది; బంధుమిత్రులు అందుకు పనికిరారని గల్ రాశాడు. ఆ తర్వాత నూరేళ్లపాటు పెత్తనం చేసే తల్లి, పట్టించుకోని తండ్రి అనే బొమ్మలు పుస్తకాల నిండా నిలిచాయి. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం దాన్ని తలకిందులు చేసింది: కుటుంబం నేరస్థురాలు కాదు, వైద్యానికి అందుబాటులో ఉన్న అతి బలమైన సాధనం అని. ఆహార రుగ్మతల వైద్యుల అంతర్జాతీయ సంఘం 2010లో, ఏదో ఒక తరహా కుటుంబమే ఈ వ్యాధికి మూలమన్న భావనను ఖండించింది. పిల్ల ఎండిపోతుంటే భయంతో అరిచే తల్లిని చూసి, ఆ అరుపే జబ్బుకు కారణమనుకోవడం ఫలితాన్ని పట్టుకుని మూలమనడమే.

కుటుంబ ఆధారిత చికిత్స అని పిలిచే ఆ పద్ధతి పద్దెనిమిదేళ్లలోపు వారికి, జబ్బు వచ్చి మూడేళ్లు దాటని వారికి బాగా పనిచేస్తుంది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్న నిర్ణయం పూర్తిగా తల్లిదండ్రులది. ప్రతి పూటా ఒకరు పక్కన కూర్చుంటారు. బతిమాలడం, బెదిరించడం, కెలోరీల మీద వాదించడం ఉండవు. ఈ తిండి మందు, ఇది తినేదాకా ఇక్కడే ఉంటాం అన్న నెమ్మదైన పట్టుదల ఉంటుంది. తోబుట్టువులు కాపలాదార్లు కారు, తోడుగా ఉంటారు. బరువు తిరిగి వచ్చి, మనసు కుదుటపడ్డాక రెండో దశలో తిండి బాధ్యత కొద్దికొద్దిగా పిల్లకు అప్పగిస్తారు. మూడో దశలో ఆ వయసుకు తగ్గ చదువు, స్నేహాలు, స్వాతంత్ర్యం గురించిన మాటలు జరుగుతాయి. మొత్తం ఆరు నెలల నుంచి ఏడాది. అమెరికాలో 121 మంది కౌమార వయస్కుల మీద జరిగి 2010లో ప్రచురితమైన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాది తర్వాత పూర్తిగా కోలుకున్నవారు ఈ పద్ధతిలో 49 శాతం, పిల్లతో విడిగా మాట్లాడే పద్ధతిలో 23 శాతం. పొద్దున లేచింది మొదలు ‘తిన్నావా?’ అని అడిగే సంస్కృతిలో, అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, బాబాయి ఒకే వీధిలో ఉండే చోట దీన్ని నడపడం లండన్‌లోకంటే కష్టమని అనుకోవడానికి కారణం లేదు. ఇంటికొకరు చెప్పే సలహాను ఒక్క గొంతుగా మార్చడమే ఇక్కడ వైద్యుని అసలు పని.

పెద్దవారికి, బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవారికి గట్టి ఆధారాలున్నది ఆలోచన, ప్రవర్తనల చికిత్సకు. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన పద్ధతిలో సాధారణంగా ఇరవై వారాల్లో ఇరవై సమావేశాలుంటాయి, బరువు బాగా తగ్గినవారికి దాదాపు నలభై. దాని మూలసూత్రం సరళం: అదుపు తప్పి తినడం బలహీనత వల్ల రాదు, పగలంతా కడుపు మాడ్చుకోవడం వల్ల వస్తుంది. కనుక మొదటి పని వేళకు తినడం. పస్తు ఆగితే రాత్రి దాడి తగ్గుతుంది, దాడి తగ్గితే వాంతి తగ్గుతుంది, అప్పుడు గాని ఒంటి గురించిన ఆలోచనల జోలికి పోరు. బులీమియాలో ఫ్లూఆక్సిటిన్ అనే మందు, దిగులు వ్యాధికి వాడేదానికంటే ఎక్కువ మోతాదులో, కొంత తోడ్పడుతుంది. అనోరెక్సియాను నయం చేసే మాత్ర మాత్రం ఇంతవరకు లేదు. ఆకలి పుట్టించే టానిక్కులు అసలే పనికిరావు, ఆ పిల్లలకు లేనిది ఆకలి కాదు కనుక.

ప్రాణం నిలిపే ఒక విషయం సాధారణ వార్డుల్లో పనిచేసే వైద్యులందరికీ తెలిసి తీరాలి. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా చక్కెర ఎక్కిస్తే, ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న కొద్దిపాటి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోయి, గుండె, ఊపిరితిత్తులు ఆగిపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో విడుదలైన ఖైదీల్లో తిండి తిన్నాక సంభవించిన మరణాలతో వైద్యలోకానికి ఇది పరిచయమైంది. నీరసంగా ఉందని ఊరి క్లినిక్కులో గ్లూకోజ్ సీసా పెట్టే మన అలవాటుకు ఇక్కడ గట్టి హద్దు ఉండాలి: ముందు థయమిన్ అనే బి1 విటమిన్, రోజూ రక్తంలో ఈ లవణాల పరీక్ష, ఆహారం మెట్లు మెట్లుగా పెంచడం. అతి భయంతో మరీ తక్కువ పెట్టినా రోగి ఆకలితోనే పోవచ్చు కనుక ఇది అనుభవజ్ఞుల పర్యవేక్షణలో జరగాలి. అనోరెక్సియా ఉన్నవారిలో మరణాల రేటు అదే వయసు ఇతరులతో పోలిస్తే సుమారు ఆరు రెట్లని 2011లో 36 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య.

ఆశ వదులుకోవలసిన పని లేదనడానికి కూడా అంకెలున్నాయి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు రోగులను రెండు దశాబ్దాలకు పైగా వెంబడించిన అధ్యయనంలో తొమ్మిదేళ్లకు కోలుకున్న అనోరెక్సియా రోగులు 31.4 శాతమే, ఇరవై రెండేళ్లకు మాత్రం 62.8 శాతం. పదేళ్ల జబ్బు తర్వాత కూడా మనుషులు బయటపడుతున్నారు. కాని ఆ పదేళ్లలో ఎముకలు గుల్లబారతాయి, చదువు పోతుంది, ఇల్లు అప్పులపాలవుతుంది. తొందరగా పట్టుకోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

చట్టం మీ వైపే ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఏది మానసిక వ్యాధో నిర్ణయించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వంటి ప్రమాణాలను పాటించాలంటుంది, ఆ వర్గీకరణలో ఈ రుగ్మతలన్నీ ఉన్నాయి. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తించాలని 21వ సెక్షను చెబుతుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీలోను, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవలోను వైద్య పోషణ, లవణాల సవరణ, మానసిక చికిత్స మూడూ కలిసిన ఒక ప్యాకేజీ ఈ వ్యాధి పేరు మీదే స్పష్టంగా ఉంటే, రోగిని గ్యాస్ట్రైటిస్ అని చేర్చుకుని నాలుగు రోజులకు పంపే అవసరం ఉండదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల ఒక్కో బృందాన్ని బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపి తర్ఫీదు ఇప్పించవచ్చు; అయితే గుండె నాడి నలభైకి పడిపోయిన పిల్ల మానసిక ఆసుపత్రికి రాదు కనుక, నీలోఫర్, గాంధీ, కింగ్ జార్జ్ ఆసుపత్రుల పిల్లల, జనరల్ మెడిసిన్ విభాగాలతో ఆ బృందాలు కలిసి పనిచేసే ఉత్తర్వు ఉండాలి.

బడుల్లో చేయవలసినదానికంటే మానవలసినది ఎక్కువ. తరగతి అందరి ముందు బరువు చదివి వినిపించడం, ‘ఊబకాయంపై పోరాటం’ పేరిట పదేళ్ల పిల్లలకు కెలోరీల లెక్క నేర్పడం, లావుగా ఉన్న పిల్లను ఆటల పీరియడ్‌లో ఉదాహరణగా నిలబెట్టడం ఆపాలి. కౌమార పిల్లల కోసం 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం, బడుల్లో తిరిగే బాల స్వాస్థ్య బృందాలు ఇప్పటికే ఉన్నాయి. వారి చేతి కాగితంలో ఐదారు ప్రశ్నలు చేర్చితే చాలు. ఈ మధ్య బరువు బాగా తగ్గిందా, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తుందా, తినడం మొదలుపెడితే ఆపలేనని భయమా, రోజులో ఎక్కువసేపు తిండి గురించే ఆలోచనా, నెలసరి ఆగిందా, ఒంటరిగా తినడమే ఇష్టమా. బ్రిటన్‌లో 1999లో వచ్చిన ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి ఇప్పటికే ప్రపంచమంతటా వాడుకలో ఉంది. కడుపు ఉబ్బరం అనే మన వేషానికి తగినట్లు దాన్ని తెలుగులో సవరించి, ఇక్కడి పిల్లల మీద పరీక్షించి వాడటం వైద్య విశ్వవిద్యాలయాలకు మంచి పరిశోధనాంశం. గురుకులాల్లో, ఇంటర్మీడియట్ హాస్టళ్లలో మెస్ నడిపేవారికి, వార్డెన్లకు ఒక పూట శిక్షణ చాలు: ఏ పిల్ల వరుసగా భోజనాలకు రావడం లేదో, తినగానే బాత్రూముకు పరుగెత్తుతోందో అందరికంటే ముందు చూసేది వారే.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ ఉచిత నంబరు 14416కు తెలుగులో కూడా ఫోన్ చేయవచ్చు. అక్కడ ఫోన్ ఎత్తే సలహాదారులకు ఈ రుగ్మతల గురించి తర్ఫీదు ఇప్పించడం మీ శాఖలు ఈ త్రైమాసికంలోనే చేయగల పని. తమ బిడ్డ వారం రోజులుగా సరిగ్గా తినడం లేదని ఒక తండ్రి రాత్రి పదింటికి ఫోన్ చేసినప్పుడు సలహాదారు మొదట అడగవలసినవి కళ్లు తిరిగి పడిపోయిందా, నాడి ఎంత కొట్టుకుంటోంది, వాంతులు అవుతున్నాయా, చచ్చిపోవాలని అంటోందా అన్నవి. వీటిలో ఏ ఒక్కదానికి జవాబు ప్రమాదకరంగా ఉన్నా, ఆ రాత్రే ఈసీజీ, పొటాషియం పరీక్ష చేయగల దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి పేరు చెప్పి, ఆ ఆసుపత్రి డ్యూటీ డాక్టరుకు ముందే కబురు అందేలా చూడాలి.